వేటూరి పాటల్లో సగం తాలే అని రాసిన విమర్శకుడి మీద అభిమానులు అలా విరుచుకుపడటం న్యాయమేనా?

న్యాయం కాదు. అలాగని ఆ విమర్శకుడు రాసిందంతా ఒప్పుకుంటానని కూడా కాదు. మీరు చెప్పినదాన్ని బట్టి ఆయన వాదన ఇది: సినిమా పాటల కవి వేటూరి మరీ ఎక్కువ రాశారు, అందుకే సగం తాలు, అర్థం కంటే శబ్దం మీద మోజు ఎక్కువ, చివరి పదేళ్లలో కలం అలసిపోయింది. దానికి అభిమానులు ఇచ్చిన జవాబు ఏమిటంటే, నువ్వెంత, నీ బతుకెంత, ఆయన కాలిగోటికి సరిపోతావా అని. మూడు ఆరోపణలు చేస్తే ఒక్కదానికీ సమాధానం లేదు. నాకు బాధ కలిగించింది విమర్శ కాదు, ఈ జవాబే.

నేను వేటూరి పాటలు వింటూ పెరిగినవాణ్ణి. ఇంట్లో టేప్ రికార్డర్ ఉన్న రోజుల నుంచి ఇప్పటి ఫోన్ దాకా ఆయన పాట మోగని వారం నాకు లేదు. కాబట్టి నేను ఆయన పక్షమే. ఆ పక్షాన ఉన్నవాడిగానే చెప్తున్నాను, మనవాళ్లు పోట్లాడేది పాట కోసం కాదు, పేరు కోసం.

మా బావగారి గృహప్రవేశం రోజు రాత్రి జరిగింది చెప్తాను. భోజనాలు అయిపోయాయి, ఆడవాళ్లు కింద హాల్లో కబుర్లలో ఉన్నారు, మేం ఓ పది మందిమి డాబా మీద టెంట్ హౌస్ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. బావగారి స్నేహితుడు ఒకాయన ఫోన్లో ఇలాంటిదే ఒక వ్యాసం తీసి పైకి చదివాడు. వేటూరి గారి డ్యూయెట్లలో మల్లెలు, వెన్నెల, సందెపొద్దు తప్ప ఏమున్నాయి, ఒక పాటలో వాక్యం తీసుకెళ్లి ఇంకో పాటలో పెట్టినా ఎవరికీ తెలియదు అని రాశాడు ఆ వ్యాసంలో. అంతే, మా బావగారికి ఒళ్లు మండిపోయింది. "ఎవడాడు? ఒక్క పాట రాసిన మొహమా? శంకరాభరణం రాసిన చేతిని పట్టుకుని ఇంత మాటంటాడా?" అని లేచి నిలబడిపోయాడు. ఆయన వెనక మరో ఇద్దరు. వ్యాసం చదివినాయన ఏదో చెప్పబోతే వినిపించుకునే నాథుడు లేడు.

ఆ గుంపులో మా ఊరి తెలుగు మాస్టారు ఉన్నారు, రిటైరై చాలా కాలమైంది. ఆయన అప్పటిదాకా నోరు మెదపలేదు. గొడవ కాస్త సద్దుమణిగాక, "అబ్బాయ్, ఆయన రాసిన దాంట్లో కొంత నిజం ఉందిరా" అన్నారు. బావగారు ఆయన మీదికి కోపంగా వెళ్లలేడు, చదువు చెప్పిన గురువు. "మీరు కూడా అలా అంటే ఎలా మాస్టారూ" అన్నాడు, గొంతు తగ్గించి. "సరే, సాగరసంగమంలో తకిట తధిమి పాట నీకు ఇష్టం కదా, రెండో చరణం చెప్పు" అన్నారాయన. బావగారు పల్లవి అందుకున్నాడు, బాగానే పాడాడు. చరణం దగ్గరికి వచ్చేసరికి మొదటి రెండు మాటలు పలికి ఆగిపోయాడు. వెనకున్న ఇద్దరి వైపు చూశాడు, వాళ్లూ దిక్కులు చూస్తున్నారు.

అప్పుడు మాస్టారు కుర్చీ చేతి మీద వేళ్లతో తాళం వేసుకుంటూ మొదలుపెట్టారు. గొంతు బాగోదు ఆయనది, శ్రుతి కూడా అటూ ఇటూ పోతోంది, కానీ ఒక్క అక్షరం తడబడలేదు. రెండు చరణాలూ పూర్తిగా, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడే తీసుకుంటూ చెప్పారు. బాగా నచ్చిన చోట కళ్లు మూసుకున్నారు. అది అయ్యాక వెంటనే అదే కవి రాసిన ఒక డ్యూయెట్ ఎత్తుకుని, మధ్యలో ఆపి, "ఇదిగో, ఇక్కడ చూడు, ట్యూన్‌కి నాలుగు అక్షరాలు తక్కువ పడ్డాయి, ప్రాస కోసం ఏదో తెచ్చి నింపేశాడు, ఇది భర్తీ" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో వెటకారం లేదు, ఇంట్లో మనిషి పొరపాటు చేస్తే పెద్దవాళ్లకు ఉండే బాధ ఉంది. ఆ రాత్రి డాబా మీద వేటూరికి అసలైన అభిమాని ఎవరంటే నేను మాస్టారి పేరే చెప్తాను. విమర్శకుడితో సగం ఏకీభవించింది ఆయన ఒక్కడే, పాట మొత్తం కంఠతా వచ్చిందీ ఆయనకే.

నేను అప్పటి నుంచి ఒకటి గమనిస్తూ వస్తున్నాను. పెద్ద రచయితను ఎవరైనా ఒక మాటంటే ఎక్కువ గట్టిగా అరిచేవాళ్లకి పల్లవి దాటి రాదు. నూటికి తొంభై మంది సంగతి ఇంతే. చరణాలు వచ్చినవాళ్లు అరవరు, వాళ్లు ఫలానా పాట విన్నావా అని అడుగుతారు.

ఇక విమర్శకుడి సంగతి. ఆయన శబ్దం మీద మోజు అన్నాడు చూశారా, అక్కడ ఆయన పప్పులో కాలేశాడు. సినిమా పాటను కాగితం మీద పరిచి పద్యంలా చదివితే ఎవరి పాటైనా అలాగే కనిపిస్తుంది. మన దగ్గర చాలా పాటలకి ముందు ట్యూన్ వస్తుంది. సంగీత దర్శకుడు తననన అని పాడి ఇస్తాడు, దర్శకుడు సందర్భం చెప్తాడు, హీరో ఇమేజ్ గురించి నిర్మాత ఒక మాట వేస్తాడు, ఆ తర్వాత కవి కూర్చోవాలి. ఎక్కడ గురువు పడాలో ఎక్కడ లఘువు పడాలో ట్యూన్ ముందే తేల్చేసి ఉంటుంది, ఆ ఖాళీల్లో అర్థం ఇమడాలి, పాడేవాడి నోరు తిరగాలి, మొదటిసారి వినే మనిషి చెవికి పట్టుకోవాలి. పెద్ద స్వరం సాగే చోట మూతి ముడుచుకునే అక్షరం వేస్తే గాయకుడి గొంతు పట్టేసినట్టు ఉంటుంది. అందుకే శబ్దం చూసుకోవడం మోజు కాదు, పనిలో సగం అదే.

డబ్బింగ్ పాట అయితే ఇంకా కష్టం. బొంబాయి, సఖి సినిమాలకు తెలుగు పాటలు రాసింది వేటూరే. ట్యూన్ మారదు, సన్నివేశం మారదు, పైగా తెర మీద నటుల పెదవులు వేరే భాషలో కదులుతుంటాయి. పెదవులు కలిసే చోట మనకూ ప, బ, మ లాంటిదేదో పడితేనే చూడటానికి బాగుంటుంది. ఇన్ని సంకెళ్ల మధ్య రాసిన పాటని, ఖాళీ కాగితం ముందు పెట్టుకుని తన ఇష్టం వచ్చినట్టు రాసుకునే కవి పద్యంతో పోల్చి మార్కులు వేయడం ఏం పద్ధతి? విమర్శకుడు ట్యూన్ గురించి ఒక్క వాక్యం రాయలేదని మీరే అంటున్నారు. పాట విమర్శలో బాణీ ప్రస్తావన లేకపోతే అది పాట విమర్శ ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

తాలు గురించి కూడా చెప్పాలి. వేల పాటలు రాసిన మనిషి దగ్గర తాలు ఉండదని ఎవరన్నారు? ఉంది. కొన్ని పాటలు ఇప్పుడు ఇంట్లో అందరి మధ్యా పెట్టుకుని వినలేం, నేనూ స్కిప్ కొడతాను. అభిమానులు ఆ పాటల ఊసెత్తరు, విమర్శకుడు అవి తప్ప ఇంకేం ఎత్తడు. ఇద్దరూ ఒక్కసారి 1977 నాటి అడవి రాముడు దగ్గర ఆగితే బాగుండు. ఆరేసుకోబోయి పారేసుకున్నాను అన్న మాస్ డ్యూయెట్ ఆ సినిమాలోదే, కృషి ఉంటే మనుషులు ఋషులవుతారు అన్న పాట కూడా ఆ సినిమాలోదే. రెండూ రాసింది ఒకే మనిషి, బాణీలు కట్టింది ఒకే మహదేవన్ గారు. ఒకటి చూపించి కవిని తిట్టి, ఇంకొకటి చూపించి దండ వేస్తే ఎలా? ఆయన సినిమా కవి. సన్నివేశం ఏది అడిగితే అది రాశారు, అడిగినదానికి తగ్గట్టు ఉందా లేదా అన్నది చూడాలి. నా లెక్కలో ఆ రెండూ తగ్గట్టే ఉన్నాయి, మొదటిది కూడా. ఈ మాటకి ఇటువాళ్లూ అటువాళ్లూ నన్ను తిడతారని తెలుసు, పర్లేదు.

అసలు ఈ రచయితల మీద ఇంత ప్రేమ ఉన్నట్టు మాట్లాడే మనం, పాట ఎవరు రాశారో పట్టించుకుంటున్నామా? మనసున మనసై పాట ఆత్రేయదని ఇప్పటికీ ఘంటాపథంగా వాదించేవాళ్లు ఎంతమందో. అది డాక్టర్ చక్రవర్తి సినిమాకి శ్రీశ్రీ రాసింది. మనసు అన్న మాట వినపడగానే ఆత్రేయ ఖాతాలో వేసేస్తారు. తోడికోడళ్లులో కారులో షికారుకెళ్లే పాట వింటే శ్రీశ్రీ అనుకుంటారు, ఎందుకంటే కష్టజీవుల చెమట గురించి ఉంది కాబట్టి. అది ఆత్రేయది. పాట వినకుండా ముద్ర చూసి కవిని గుర్తుపట్టే అలవాటు ఇది, మెచ్చుకునేవాళ్లకీ ఉంది, తిట్టేవాళ్లకీ ఉంది.

ఇందులో తప్పంతా శ్రోతలదే అనను. పాటల యాప్ తెరిస్తే గాయకుడి పేరు పెద్దగా కనిపిస్తుంది, సంగీత దర్శకుడి పేరు కనిపిస్తుంది, రాసినవాడి పేరు కోసం మూడు చుక్కలు నొక్కి, కిందికి జరిపి వెతుక్కోవాలి, చాలాసార్లు అక్కడా ఉండదు. టీవీ పాటల పోటీల్లో కుర్రాళ్లు ఎంత బాగా పాడతారో, యాంకర్ మాత్రం సినిమా పేరు, హీరో పేరు చెప్పి ఊరుకుంటుంది. కొత్త పాటలకి లిరికల్ వీడియో అంటూ సాహిత్యమే తెర మీద వేసే వీడియోలో కూడా తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తారు, ళ కీ ల కీ తేడా ఉండదు, ణ అసలే ఉండదు. అది చూసి నేర్చుకున్న పిల్లలు అలాగే పాడతారు. ఒక మనిషి రాత్రంతా కూర్చుని ఏరుకున్న అక్షరాలకి మనం ఇచ్చే మర్యాద ఇది. ఎవడో విమర్శించాడని పౌరుషం తెచ్చుకునేవాళ్లలో సగం మంది దీని గురించి అడిగినా ఈపాటికి యాప్‌లు దారికొచ్చేవి.

అవార్డుల సంగతి కూడా వస్తుంది ఇలాంటి వాదనల్లో. మాతృదేవోభవ పాటకి జాతీయ అవార్డు వచ్చింది, ఇంకేం కావాలి అంటారు. రాలిపోయే పువ్వా గొప్ప పాటే, అంతకుముందు ఆ అవార్డు తెలుగులో శ్రీశ్రీకే వచ్చింది, అదంతా నిజమే. కానీ అవార్డు చూపించి విమర్శకుడి నోరు మూయించలేం. ఆయన వేరే పాటల గురించి మాట్లాడుతున్నాడు, ఆ పాటలతోనే జవాబివ్వాలి.

ఇక మిగిలింది చివరి పదేళ్లు, కలం అలసిపోయింది అన్న మాట. మిగతావాటి మీద నేను కొంత తగ్గుతానేమో గానీ దీని మీద తగ్గను. వేటూరి 1936లో పుట్టారు, 2010లో పోయారు. 2004లో ఆనంద్ వచ్చింది, 2006లో గోదావరి వచ్చింది, రెండూ శేఖర్ కమ్ముల సినిమాలే, రెండింటి పాటలూ వేటూరివే, సంగీతం కె.ఎం. రాధాకృష్ణన్. గోదావరి నాటికి ఆయనకు డెబ్భై ఏళ్లు. ఉప్పొంగెలే గోదావరి పాటను ఒకసారి ఏ పనీ పెట్టుకోకుండా వినండి. బాలు గారు అందుకున్నప్పటి నుంచి పాట ఎక్కడా ఆగదు, నది పేరు చెప్పుకుంటూ నది పక్కనున్న ఊళ్లూ, గుళ్లూ, రాముడూ, సీతా, జనం బతుకూ అన్నీ ఆ నీళ్లతో పాటే వచ్చేస్తుంటాయి. అదే సినిమాలో సునీత పాడిన అందంగా లేనా పాట వినండి. ఒక ఆడపిల్ల అలిగి, ఉడుక్కుని, తనను తాను ప్రశ్నించుకుంటున్న పాట. రాసింది డెబ్భై ఏళ్ల పెద్దాయన అని చెప్తే తప్ప తెలియదు. మాటలు ఎంత తేలిగ్గా ఉంటాయంటే, ఇందాకటి శబ్దం మోజు అన్న నింద కూడా ఇక్కడ నిలబడదు. అలసిన కలం నుంచి ఇలాంటివి రావు. అదే దశాబ్దంలో ఆయన రాసిన పేలవమైన పాటలు కూడా ఉన్నాయి, అవి ఏ సినిమాలకు, ఏ సందర్భాలకు రాశారో చూస్తే కలం తప్పెంతో, అడిగినవాళ్ల తప్పెంతో తెలిసిపోతుంది.

మీరు ఆ విమర్శకుడికి ఏదైనా రాయదలచుకుంటే తిట్లన్నీ తీసేసి ఇదొక్కటి అడగండి: చివరి పదేళ్ల గురించి అంత రాసిన మీరు ఆనంద్, గోదావరి పాటల్ని ఎందుకు వదిలేశారు, వాటిలో ఏ చరణం తాలు అంటారు? ఆయన చరణం చూపించి జవాబిస్తే అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం, నేను కూడా వస్తాను, వీలైతే మా మాస్టారిని కూడా తీసుకొస్తాను.