రొయ్య రేటు పడింది, షాపులు చందా ఆపేస్తామంటున్నాయి: రేటు తగ్గించొద్దు, కట్టే రోజు మార్చండి

మీరు అడిగింది ఇది. భీమవరంలో ఉండి మేత షాపులకు, ఆక్వా మందుల షాపులకు నెలకు వెయ్యి రూపాయల చందా మీద బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తున్నారు. రొయ్య ధర పడిన దగ్గర్నుంచి రోజుకొకరు ఆపేయమని ఫోన్ చేస్తున్నారు. చందా తగ్గించాలా, ప్రచారం ఖర్చు ఆపాలా, ఈ గడ్డుకాలంలో అసలు పెరగడం కుదిరే పనేనా అని.

చందా మాత్రం తగ్గించొద్దు. లెక్క వేసి చూడండి. 300 షాపులు, తలా వెయ్యి, నెలకు 3 లక్షలు. భయపడి అందరికీ 30 శాతం తగ్గిస్తే వచ్చేది 2,10,000. ఏమీ తగ్గించకుండా ఉంటే 60 షాపులు పోయాయనుకోండి, అప్పటికీ 2,40,000 వస్తుంది. పైగా 700కు దింపినదాన్ని మళ్లీ వెయ్యికి తేవాలంటే షాపువాడి కళ్లకది 43 శాతం పెంపు. రొయ్య రేటు కోలుకున్నాక కూడా ఆ పెంపుకు ఒప్పుకునేవాళ్లు అరుదు. ఆపేస్తానన్నవాడికి ఇబ్బంది వెయ్యి రూపాయలతో కాదు, ఆ వెయ్యి అడిగిన రోజుతో.

గోదావరి డెల్టాలో డబ్బు ఒకటో తారీఖు జీతంలా రాదు. సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బు నవంబరు, డిసెంబరు నుంచి తిరుగుతుంది. దాళ్వా (రబీ) డబ్బు ఏప్రిల్, మేలో. రొయ్యకైతే సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన 100 నుంచి 120 రోజులకు, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయితేనే. నెలవారీ చందా జీతాలమీద బతికే ఊళ్లలో పుట్టిన పద్ధతి, దాన్ని యథాతథంగా ఆకివీడు, ఉండి, పాలకొల్లు షాపుల మీద పెడితే మంచి రోజుల్లో ఎలాగో నడుస్తుంది గానీ చెడ్డ రోజుల్లో తెగిపోతుంది. కాబట్టి నాలుగు నెలల పంట ప్లాను ఒకటి పెట్టండి, దాని గడువు ఆ ఊళ్లో పట్టుబడి డబ్బు తిరిగే వారంలో పడేలా చూడండి. ఏడాది ప్లాను ఎలాగూ ఉండాలి. తగ్గింపు ఇవ్వాలనిపిస్తే రూపాయల్లో కాదు, రోజుల్లో ఇవ్వండి. 12,000కు పన్నెండు నెలల బదులు పద్నాలుగు నెలలు. రేటు కాగితం మీద చెక్కుచెదరదు.

ఏడాది ప్లానుకు ఒక గీత ఉంది, చాలామంది పట్టించుకోరు. ఖాతాలోంచి ఆటోమేటిక్‌గా కోసుకునే చందాలకు ఓటీపీ అక్కర్లేని పరిమితిని రిజర్వ్ బ్యాంకు 2022 జూన్‌లో 5,000 నుంచి 15,000కు పెంచింది. మీ చందా మీద 18 శాతం జీఎస్టీ. అంటే పన్నుకు ముందు రేటు 12,711 దాటితే మొత్తం 15,000 దాటుతుంది, ప్రతి ఏడాదీ ఓటీపీ అడుగుతుంది. ఓటీపీ వచ్చే సమయానికి యజమాని చెరువు గట్టు మీదుంటాడు, ఫోను కొడుకు దగ్గరుంటుంది. ఆ చందా అక్కడితో ఆగుతుంది. 12,000 పెడితే పన్నుతో 14,160, హాయిగా లోపలే ఉంటుంది.

ఇక నెలవారీ కోతలు. ఆపేసినవాళ్ల జాబితా తీసి చూడండి, అందులో నోరు తెరిచి ఆపమన్నవాళ్లు ఎందరు, ఖాతాలో డబ్బు లేక కోత పడనివాళ్లు ఎందరు అని. ఈ రెండోవాళ్లు మిమ్మల్ని వదిలిపెట్టలేదు, మీరే వాళ్లను వదిలేశారు. యూపీఐ ఆటోపేలో ఒక కోతకు మొదటి ప్రయత్నం, ఆపైన మూడుసార్లు మళ్లీ ప్రయత్నించడం, అంతే. ఆ మూడూ వరసగా మూడు రోజుల్లో తగలేస్తే ఖాళీ ఖాతానే మూడుసార్లు తట్టినట్టు. గత ఆరు నెలల్లో ఏ తారీఖున పడ్డ కోతలు ఎక్కువగా నెగ్గాయో మీ దగ్గరే లెక్క ఉంది, ఆ తారీఖులకు మార్చండి. మేత కంపెనీకి చెక్కు వెళ్లే రోజు పక్కన మాత్రం పెట్టకండి.

కోతకు కనీసం 24 గంటల ముందు వినియోగదారుడికి కబురు వెళ్లాలన్నది నిబంధన. గడ్డుకాలంలో ఆ కబురే ఆపేయమని గుర్తుచేసే గంట. దానికంటే ఒక రోజు ముందే మీ వైపు నుంచి తెలుగులో ఒక వాట్సాప్ పంపండి: ఈ నెల మీ షాపులో 212 బిల్లులు, వసూలైన పాత బాకీ 1,86,000, ఇంకా రావాల్సింది ఇంత. అందులో అమ్మకం మాటలు రాస్తే మార్కెటింగ్ మెసేజ్‌గా లెక్కపడి ఖర్చు పెరుగుతుంది. లెక్క మాత్రమే రాయండి.

రద్దు బటన్‌ని ఏడు పొరల కింద దాచే పద్ధతి మాత్రం వద్దు. 2023 నవంబరులో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల్లో చందా ఉచ్చు అని పేరు పెట్టి మరీ దాన్ని తప్పుల జాబితాలో చేర్చారు. చట్టం సంగతి అలా ఉంచినా, ఒక బజారులో పది షాపులు పక్కపక్కనే ఉంటాయి. ఒకడికి మనసు నొచ్చుకుంటే సాయంత్రానికి పదిమందికీ తెలుస్తుంది. ఇలాంటి రోజుల్లోనే ఒక్కసారి 5,000 కట్టండి, జీవితాంతం వాడుకోండి అనేవాళ్లు కూడా దిగుతారు. ఆ డబ్బు ఆ ఏడాది సర్వరుకే సరిపోదు. మూడో ఏడాది ఫోను ఎత్తేవాడు ఉండడు, ఖాతాలు మునిగిపోయిన షాపులు సాఫ్ట్‌వేర్ అంటేనే దణ్ణం పెట్టేస్తాయి. ఆ చెడ్డపేరు మీ మీద కూడా పడుతుంది.

ఆపేయమనే ఫోను ఎలా సాగాలో చూడండి. మీ దగ్గర ఫోన్లు ఎత్తే అమ్మాయి ఉంది, అవతల మేత షాపు యజమాని.

“ఏమ్మా, ఈ నెల్నుంచి ఆపేయండి. చెరువులన్నీ ఎండబెట్టేశారు, బిల్లు కొట్టే పనే లేదు.”

“అలాగేనండి, ఇప్పుడే ఆపేస్తానండి. ఒక్క మాటండి, బయట బాకీ ఎంతుందండి?”

“ఎంతేంటమ్మా, పద్నాలుగు లక్షల పైమాటే.”

“అందులో పట్టుబడి అయిపోయి కూడా కట్టనివాళ్లు ఎంతమందండి?”

కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. “అది పుస్తకం చూస్తేగానీ తెలీదమ్మా.”

మీరు అమ్మాల్సింది ఆ కాసేపటి నిశ్శబ్దాన్ని. చెరువులు ఖాళీ అయితే బిల్లు కొట్టే పని తగ్గుతుంది గానీ వసూలు చేసే పని పెరుగుతుంది. అయితే మామూలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో ఉండే 30, 60, 90 రోజుల బాకీ పట్టిక ఇక్కడ ఎందుకూ పనికిరాదు. మేత అరువు పట్టుబడిదాకా నడిచేదే కాబట్టి ఎనభై రోజుల బాకీ తప్పేం కాదు, పట్టుబడి అయిన పదో రోజు బాకీ పెద్ద తప్పు. ప్రతి రైతు ఖాతాలో, చెరువు చెరువుకూ సీడ్ వేసిన తేదీ అనే గడి ఒకటి పెట్టండి. రోజులు అక్కణ్నుంచి లెక్కపెట్టండి. 90వ రోజున ఆ ఖాతా పసుపు రంగులోకి మారాలి, షాపువాడు ఫోన్ చేయాలి. లారీ చెరువు దగ్గరికి వచ్చాక చేసే ఫోనుకు విలువ లేదు, అప్పటికే ఆ డబ్బు మీద చెరువు లీజుకిచ్చిన ఆసామి, కరెంటు బిల్లు, వడ్డీవ్యాపారి కూర్చుని ఉంటారు.

ఇంకో గడి కూడా పెట్టొచ్చు. మేత బస్తా 25 కిలోలు. కిలో రొయ్యకు 1.3 కిలోల మేత పడుతుందనుకుంటే టన్ను రొయ్యకు 1,300 కిలోలు, అంటే 52 బస్తాలు. ఒక చెరువుకు 52 బస్తాలు వెళ్లాయంటే అక్కడ దాదాపు టన్ను సరుకు ఉండాలి. దాన్ని ఆ రోజు 100 కౌంట్ (కిలోకు వంద రొయ్యలు తూగే సైజు) ధరతో గుణించి, పక్కనే ఆ రైతు బాకీ చూపించండి. బాకీ సరుకు విలువలో సగం దాటిందంటే తర్వాతి బస్తా అరువిచ్చే ముందు షాపువాడు ఆలోచించుకుంటాడు. వైట్ స్పాట్ రోగం తగిలి సరుకు పోతే ఈ లెక్క తప్పుతుంది, అందుకని నష్టం నమోదుకు ఒక మీట తప్పనిసరి. అది లేకపోతే చచ్చిపోయిన చెరువు మీద కూడా సాఫ్ట్‌వేర్ లక్షలు చూపిస్తుంది, యజమానికి దాని మీద నమ్మకం పోతుంది.

అప్పటికీ ఆపేస్తానంటే విరామం ప్లాను ఇవ్వండి, నెలకు 150. కొత్త బిల్లులు కొట్టడం ఉండదు, పాత ఖాతాలు చూసుకోవచ్చు, బాకీ చీటీలు పంపుకోవచ్చు. ఆరు నెలలకు మించి విరామం ఒప్పుకోకండి, లేకపోతే అదే అసలు ప్లాను అయిపోతుంది. 60 మందిలో 40 మంది ఉన్నా వచ్చేది 6,000 మాత్రమే, దాంతో మీ ఇల్లు గడవదు. అయినా రైతుల ఖాతాలు మీ దగ్గరే ఉంటాయి, మళ్లీ సీడ్ వేసిన రోజు వాళ్లు వేరే చోటికి వెళ్లరు.

జీఎస్టీ దగ్గర చాలామంది చేతులు కాల్చుకుంటారు. ఏడాది చందాకు పన్ను బిల్లు కొట్టేశారంటే డబ్బు వచ్చినా రాకపోయినా 2,160 పన్ను మీరు కట్టాలి, నెలవారీ రిటర్ను వేసేవాళ్లయితే మరుసటి నెల 20లోపు. పాతిక మంది కట్టకపోతే 54,000 మీ జేబులోంచి పోయినట్టే. అందుకే పునరుద్ధరణకు ముందు ప్రోఫార్మా (పన్ను లెక్కలోకి రాని ముందస్తు బిల్లు) పంపండి, డబ్బు పడ్డాకే పన్ను బిల్లు. పొరపాటున కొట్టేసి రద్దయితే క్రెడిట్ నోటు ఇచ్చి సర్దుకోవచ్చు, దానికి గడువు తర్వాతి ఆర్థిక సంవత్సరం నవంబరు 30. కాంపొజిషన్‌లో (టర్నోవరు మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉన్న చిన్న షాపులకు ఈ 18 శాతం తిరిగి రాదు, వాళ్లకు వెయ్యి అంటే నిజంగా 1,180. మాట్లాడేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి.

మీ వినియోగదారుల్లో హేచరీలు (రొయ్య పిల్లల కేంద్రాలు), రైసు మిల్లుల్లాంటి పెద్దవాళ్లుంటే బిల్లు మీద మీ ఉద్యమ్ నంబరు (చిన్న సంస్థల ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబరు) అచ్చువేయండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం అలా కట్టకపోతే నిజంగా కట్టేదాకా ఆ ఖర్చు వాళ్ల ఆదాయపు పన్ను లెక్కలో చెల్లదు. ఫిబ్రవరి, మార్చిలో వాళ్ల ఆడిటరుకు ఈ సంగతి గుర్తుచేస్తే పది ఫోన్లకు రానిది ఒక్క మెయిల్‌కు వస్తుంది.

ఖర్చు తగ్గించడం సర్వరు దగ్గర మొదలుపెట్టండి, మనుషుల దగ్గర కాదు. రొయ్య మీద అమెరికా అదనపు సుంకం 2025 ఆగస్టు 27న రెట్టింపయింది, ఆ వారంలోనే డాలరు 88 రూపాయలు దాటింది. అంటే మీ రాబడి, డాలర్లలో లెక్కగట్టే సర్వరు బిల్లు రెండూ ఒకేసారి దెబ్బతిన్నాయి. పరీక్షలకు వాడే సర్వర్లు వారంలో 168 గంటలూ తిరగక్కర్లేదు, ఐదు రోజులు పన్నెండేసి గంటలు చాలు, 60 గంటలే. వాటి అద్దెలో 64 శాతం అక్కడే మిగులుతుంది. ఏడాది దాటిన లాగ్‌లు, ఎవరూ చూడని పాత బ్యాకప్ నకళ్లు చవక నిల్వకు పంపండి. మూడేళ్ల ఒప్పందం మీద తగ్గింపు ఇస్తామంటే ఇప్పుడు సంతకం పెట్టొద్దు, ఏడాదిది చాలు. ఫోన్ ఎత్తే అమ్మాయిని తీసేస్తే మాత్రం పైన రాసిన సంభాషణ జరగదు. ఆవిడ జీతం ఖర్చు కాదు, వసూలు.

పెరగడం గురించి. నెలకు 3 శాతం షాపులు పోతుంటే ఏడాదికి 31 శాతం పోయినట్టు, 5 శాతం పోతుంటే 46 శాతం. ఆ చిల్లు పూడ్చకుండా ప్రకటనలకు పెట్టే రూపాయి చిల్లుకుండలో నీళ్లే. నెలకు 2 శాతం లోపుకు దిగేదాకా డబ్బిచ్చే ప్రకటనలు ఆపండి. ఆపి, జీఎస్టీ రిటర్నులు వేసే ఆడిటర్ల దగ్గరకు వెళ్లండి. ఒక్కొక్కరి చేతిలో ఎనభై, వంద షాపులుంటాయి. మొదట్లోనే పెద్ద కమీషను ఇవ్వొద్దు, చందా వసూలైన ప్రతి నెలా అందులో 20 శాతం ఇవ్వండి, షాపు ఆగిపోకుండా ఆయన కూడా చూసుకుంటాడు.

ప్రతి వినియోగదారుడి పేరు పక్కన ఆ షాపు ఏ పంట డబ్బు మీద నడుస్తోందో రాయండి. భీమవరంలో బట్టల షాపు బట్టల వ్యాపారంలా కనిపిస్తుంది గానీ దాని వెనకున్నది రొయ్యే. మోటారు సైకిళ్ల షోరూమ్‌దీ అదే కథ. మీ రాబడిలో మూడో వంతుకు మించి ఒకే పంట మీద ఉంటే అది ప్రమాదం. సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో 1996లో అడ్వెంట్‌నెట్‌గా మొదలైనప్పుడు దాని సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లలో ఎక్కువమంది టెలికాం పరికరాల కంపెనీలే. 2001లో ఆ రంగం కూలితే చాలామంది ఒక్కసారే పోయారు. ఆ తర్వాతే మేనేజ్‌ఇంజిన్ పేరుతో అన్ని రకాల సంస్థల ఐటీ విభాగాల వైపు తిరిగారు. మీకు అంత దూరం అక్కర్లేదు. అంబాజీపేట కొబ్బరి వ్యాపారులు, రావులపాలెం అరటి మార్కెట్, కడియం నర్సరీలు ఉన్నాయి, వీళ్లెవరూ 100 కౌంట్ ధర చూసి నిద్రలేవరు. కడియంలో మొక్కలు లారీల మీద బయటి రాష్ట్రాలకు వెళ్తాయి, అరువు అక్కడా ఉంది. మీ ఖాతా భాగం అలాగే పనికొస్తుంది, సీడ్ తేదీ బదులు లారీ వెళ్లిన తేదీ పెట్టాలి. ఒకేసారి మూడు చోట్లా దిగొద్దు. కడియంలో ఇరవై నర్సరీలు ఆరు నెలలు ఆపకుండా వాడాక రావులపాలెం వెళ్లండి.

విరామంలో ఉన్న షాపుల్ని మాత్రం మర్చిపోవద్దు. హేచరీల్లో సీడ్ బుకింగులు మొదలైన వారం వాళ్లందరికీ ఫోన్ చేయించండి. చేసేముందు ఆ షాపు బాకీ పట్టిక తెరిచి, కిందటి పంట తాలూకు కట్టనివాళ్ల పేర్లు పైన ఉండేలా పెట్టి పంపండి. పాత బాకీ తీరకుండా కొత్త బస్తా అడగడానికి వచ్చే రైతు ఎవరో షాపు తెరవకముందే యజమానికి తెలియాలి. ఆ నెల చందా, మిగిలిన రోజులకే లెక్కగట్టి తీసుకోండి.