తెర మీద బొమ్మ గీస్తున్నది ఎవరు?

ప్రశ్న: అన్నగారూ, మాది గుణుపురం. ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్ చెబుతాను. మా ఆడపడుచు వాళ్లు వాడేసిన ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చారు. రెండో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. విండోస్ బాగా బరువైపోయిందని విశాఖలో చదువుకుంటున్న మా తమ్ముడు సెలవులకు వచ్చినప్పుడు విండోస్ బదులు వాడే లినక్స్ మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం ఎక్కించాడు. ఎక్కించేటప్పుడు స్క్రీన్ నల్లగా అయిపోతే ఫోన్‌లో ఏదో చూసి బూట్‌లో ఒక మాట కలిపాడు, అప్పుడు బొమ్మ వచ్చింది. ఇప్పుడు ఆన్ అవడం తొందరగానే అవుతోంది. కానీ విండోని పట్టుకుని లాగితే ముక్కలు ముక్కలుగా కదులుతుంది. పిల్లలకు పాఠం వీడియో పెడితే ఆగి ఆగి వస్తుంది. ఫ్యాను ఒకటే రొద. అక్షరాలు అడ్డంగా సాగదీసినట్టు లావుగా ఉన్నాయి, బ్రైట్‌నెస్ మీటలు పనిచేయడం లేదు. గ్రాఫిక్స్ పోయింది, బోర్డు మార్చాలక్కా అంటున్నాడు తమ్ముడు. ఇక్కడ ఒక షాపులో మూడు వేలు అడిగారు. మార్చమంటారా?
– ఒక ట్యూషన్ టీచర్, గుణుపురం

జవాబు: వద్దు చెల్లెమ్మా. ఆ మూడు వేలు బీరువాలోనే ఉండనివ్వండి. గ్రాఫిక్స్ చిప్పు నిజంగా పోతే తెర మీద రంగు చారలు, గళ్లు కనిపిస్తాయి, లేదా అసలు బొమ్మే రాదు. అక్షరాలు లావెక్కడం, బ్రైట్‌నెస్ మీటలు మూగబోవడం, ఫ్యాను రొద, వీడియో ఆగడం, ఈ నాలుగూ కలిసి వచ్చాయంటే మాత్రం నా అనుమానం ఒక్కదాని మీదకే పోతుంది. అది మీ ఉత్తరంలోనే ఉంది: తమ్ముడు కలిపిన ఆ ఒక్క మాట. ‘నోమోడ్‌సెట్’ అయి ఉంటుంది. పర్లాకిమిడిలో నా బల్ల మీదకు వచ్చే పాత లినక్స్ ల్యాప్‌టాప్‌లలో ‘స్లో అయిపోయింది సార్’ అని తెచ్చేవాటికి ముందు ఇదే చూస్తాను. అటు పాతపట్నం నుంచి వచ్చినా, ఇటు కాశీనగర్ నుంచి వచ్చినా ఇదే వరస.

ఆ మాట చేసే పని ఏమిటంటే, గ్రాఫిక్స్ డ్రైవర్‌ని తెర జోలికి రానివ్వదు. మీ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్‌లోనే ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంది. దాన్ని నడిపే డ్రైవర్ పేరు ఐ915. నోమోడ్‌సెట్ ఉంటే ఆ డ్రైవర్ పక్కన కూర్చుంటుంది, బయాస్ (ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు లేచే ప్రోగ్రామ్) పెట్టి ఇచ్చిన తెర కొలతతోనే మింట్ సర్దుకుంటుంది. ఆ కొలత చాలాసార్లు 1024 బై 768. మీ ల్యాప్‌టాప్ వయసు చూస్తే దాని తెర 1366 బై 768 అయి ఉండాలి. అందుకే అక్షరాలు అడ్డంగా సాగుతున్నాయి. తెర వెలుగును పెంచి తగ్గించేది కూడా ఆ డ్రైవరే కాబట్టి మీటలు నొక్కినా పలకడం లేదు. మూత మూసి తెరిస్తే మేలుకోవడంలో కూడా ఇబ్బంది ఉండి ఉంటుంది, మీరు రాయలేదు కానీ.

ఇక బొమ్మలు గీసే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. పెళ్లికి వంటవాళ్లను పిలిచి గుమ్మం బయట కూర్చోబెట్టి, పెళ్లికూతురి తండ్రి గరిటె పట్టుకున్నట్టు. విండో కదిలించినా, పేజీ పైకి జరిపినా, వీడియో ఆడినా ఒక్కో చుక్కా లెక్కగట్టేది ఐ3 గారే. ఫ్యాను రొద పెట్టదా మరి?

నా మాట నమ్మాల్సిన పని లేదు, మెషీన్‌నే అడగండి. టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) తెరిచి ‘జీఎల్ఎక్స్ఇన్ఫో’ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, దాని పక్కనే పెద్ద ‘బి’ కొట్టండి. (పత్రిక తెలుగుది కాబట్టి తెలుగులో రాస్తున్నాను. మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి, ఆ ‘బి’ ఒక్కటే పెద్దది.) ఆ కమాండ్ లేదంటే ‘మీసా-యుటిల్స్’ అనే ప్యాకేజీ ఎక్కించుకోండి. వచ్చిన వరసల్లో ‘ఓపెన్‌జీఎల్ రెండరర్’ అన్న వరస చూడండి. అక్కడ ‘ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్’ అని, పక్కన 2000 లేదా 3000 అని ఉంటే బొమ్మ గీస్తున్నది గ్రాఫిక్స్ చిప్పు. ‘ఎల్‌ఎల్‌వీఎంపైప్’ అని ఉంటే గీస్తున్నది ప్రాసెసర్. దానికి కాస్త పైన ‘యాక్సిలరేటెడ్: నో’ అని కూడా ఉంటుంది.

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. అదే చోట ‘డైరెక్ట్ రెండరింగ్: యెస్’ అని ఇంకో వరస ఉంటుంది. అది చూసి అంతా బాగానే ఉందని టెర్మినల్ మూసేస్తారు. ప్రాసెసర్ గీస్తున్నా ఆ వరస ‘యెస్’ అనే చెబుతుంది. దాన్ని పట్టించుకోవద్దు, పేరు ఎవరిదో చూడండి.

తర్వాత ‘క్యాట్’ అని కొట్టి, ఖాళీ వదిలి ‘/ప్రాక్/సీఎండీలైన్’ కొట్టండి. కంప్యూటర్ ఈ పూట ఏయే మాటలతో లేచిందో ఒకే వరసలో చూపిస్తుంది. అందులో నోమోడ్‌సెట్ ఉంటే దొంగ దొరికినట్టే.

దొరికింది కదా అని వెంటనే ఫైల్ తెరిచి చెరిపేయకండి. ముందు ఒక్కసారికి మాత్రం తీసి చూడండి. రీస్టార్ట్ చేసి, కంపెనీ లోగో పోగానే షిఫ్ట్ మీట నొక్కి పట్టుకోండి. కొత్తరకం మెషీన్ అయితే ఎస్కేప్ తట్టాలి, మీది షిఫ్ట్‌కే పలుకుతుందనుకుంటాను. గ్రబ్ (లినక్స్‌ని లేపే ప్రోగ్రామ్) మెనూ వస్తుంది. మొదటి వరస మీద ఉండి ‘ఇ’ నొక్కండి. గజిబిజిగా కొన్ని వరసలు వస్తాయి, కంగారు పడొద్దు. ‘లినక్స్’ అని మొదలయ్యే పొడుగు వరస ఒకటి ఉంటుంది. బాణం మీటలతో దాని చివరికి వెళ్తే ‘క్వైట్ స్ప్లాష్ నోమోడ్‌సెట్’ అని కనిపిస్తుంది. అందులో నోమోడ్‌సెట్ ఒక్కటి చెరిపి ఎఫ్10 నొక్కండి. తెర నిండుగా వచ్చి, అక్షరాలు సన్నబడి, ఫ్యాను సద్దుమణిగితే పని అయినట్టే. మళ్లీ నల్ల తెర వస్తే పవర్ మీట నొక్కి పట్టుకుని ఆపేయండి. అక్కడ మీరు చేసిన మార్పు ఆ ఒక్క పూటకే కాబట్టి ఈసారి ఎప్పటిలాగే లేస్తుంది. పోయేదేమీ లేదు. కరెంటు పోతూ వస్తూ ఉండే రోజు మాత్రం ఈ పని పెట్టుకోకండి, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ సంగతి మీకూ తెలుసు.

బాగా వచ్చిందనుకోండి, అప్పుడు శాశ్వతంగా తీసేయొచ్చు. టెర్మినల్‌లో ‘సుడో నానో /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్’ కొడితే ఫైల్ తెరుచుకుంటుంది. క్వైట్ స్ప్లాష్ ఉన్న వరసలో ఆ మాట చెరిపి, కంట్రోల్-ఓ, ఎంటర్, కంట్రోల్-ఎక్స్. ఆ తర్వాత ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ కొట్టి తీరాలి. ఇది మరిచిపోతే ఫైల్‌లో మారుతుంది కానీ మెషీన్‌కు తెలియదు. రీస్టార్ట్ అయ్యాక పైన చెప్పిన రెండు కమాండ్లూ మళ్లీ కొట్టి చూసుకోండి.

ఒకవేళ నల్ల తెరే వస్తే మీ ల్యాప్‌టాప్‌లో ఇంటెల్‌తో పాటు ఎన్‌విడియా చిప్పు కూడా ఉందేమో చూడాలి. ఉంటే ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ కొడితే వచ్చే జాబితాలో గ్రాఫిక్స్ వరసలు రెండు ఉంటాయి. అలాంటప్పుడు నోమోడ్‌సెట్ స్థానంలో ‘నోవో.మోడ్‌సెట్=0’ పెట్టి చూడండి. ఎన్‌విడియాకు వాడే ‘నోవో’ అనే డ్రైవర్‌ని అది ఒక్కదాన్నే ఆపుతుంది, ఇంటెల్ తన పని తాను చేసుకుంటుంది. మాట ఇంగ్లిష్‌లో ఎన్, ఓ, యూ, వీ, ఇ, ఏ, యూ. ఇద్దరిలో ఒకరితో గొడవైతే ఇద్దరినీ బయటికి పంపడం దేనికి? తమ్ముడు చేసింది అదే. పాపం, ఆ నల్ల తెర ముందు ఎవరికైనా టెన్షనే.

తమ్ముడికి ఇంకో మాట చెప్పండి. ‘జోర్గ్.కాన్ఫ్’ అనో ‘20-ఇంటెల్.కాన్ఫ్’ అనో ఏదైనా ఫైల్ తెచ్చి పెట్టి ఉంటే తీసేయమనండి. పదేళ్ల కిందటి చిట్కాలవి. మింట్‌కు పునాది అయిన ఉబుంటు, డెబియన్ వాళ్లు 2016 నుంచే ఇంటెల్ పాత ఎక్స్ డ్రైవర్‌ని పక్కనపెట్టి మామూలు ‘మోడ్‌సెట్టింగ్’ డ్రైవర్ వాడుతున్నారు. ఏ ఫైలూ పెట్టకపోతేనే సరిగ్గా నడిచే రోజులివి.

ఇంత చేసినా యూట్యూబ్ వీడియోలు కాస్త బరువుగానే ఉండొచ్చు. అది వేరే సంగతి. బొమ్మలు గీయడం వేరు, వీడియో మూట విప్పడం వేరు. మీ చిప్పులో వీడియో విప్పే భాగం హెచ్.264 రకం మూటను విప్పుతుంది, వీపీ9 రకం దానికి రాదు. యూట్యూబ్ మామూలుగా వీపీ9 లేదా ఏవీ1 పంపుతుంది. బ్రౌజర్‌లో ‘హెచ్264ఐఫై’ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే హెచ్.264 మాత్రమే తెప్పిస్తుంది. ‘ఐ965-వీఏ-డ్రైవర్’ అనే ప్యాకేజీ కూడా ఎక్కించండి, దాంతో చిప్పులోని ఆ భాగం పనిలోకి వస్తుంది. ‘వీఏఇన్ఫో’ కొడితే ఏయే రకాలు విప్పగలదో జాబితా ఇస్తుంది. పిల్లలకు రోజూ చూపించే పాఠాలైతే దింపి పెట్టుకుని ఎంపీవీ ప్లేయర్‌లో వేయడం నాకు నచ్చిన పద్ధతి. ట్యూషన్ మధ్యలో నెట్ పోయినా పాఠం ఆగదు.

అప్పటికీ కుదరకపోతే రైలెక్కి పర్లాకిమిడి తెచ్చేయండి. బోర్డు మాత్రం మార్చకండి.

ప్రశ్న: సార్, పాత ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్‌ని 8 చేస్తే గ్రాఫిక్స్ స్పీడ్ పెరుగుతుందా?
– ఇచ్ఛాపురం

జవాబు: 4 జీబీ ముక్క ఒక్కటే ఉండి, పక్క స్లాట్ ఖాళీగా ఉంటే పెరుగుతుంది. రెండు ముక్కలుంటే చిప్పు రెండు దారుల్లో ఒకేసారి చదువుతుంది, ప్రాసెసర్‌లో కలిసి ఉన్న గ్రాఫిక్స్‌కు అది బాగా పనికొస్తుంది. అయితే పైన టీచరమ్మకు చెప్పిన పరీక్ష ముందు చేయండి. ఎల్‌ఎల్‌వీఎంపైప్ గీస్తున్న మెషీన్‌లో ర్యామ్ మీద డబ్బులు పోయడం అనవసరం.

ప్రశ్న: అన్నా, మాది బరంపురంలో పట్టుచీరల కొట్టు. షోరూమ్ టీవీకి రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్ తగిలించి చీరల వీడియోలు తిప్పుతున్నాం. ఫోన్‌లో 4కే తీసినవి. చీర విప్పి చూపించే చోటే వీడియో ఇరుక్కుపోతోంది. నెట్‌లో చూసి కాన్ఫిగ్ ఫైల్‌లో జీపీయూ మెమరీ 512 చేశాను, తేడా లేదు.
– కొట్టు యజమాని కొడుకు

జవాబు: తేడా ఉండదు తమ్ముడూ. పాత పైలకు చెప్పిన చిట్కా అది. పై 4లో త్రీడీ భాగం తనకు కావలసిన మెమరీ మామూలు ర్యామ్ నుంచే తీసుకుంటుంది. ఆ 512 వరస తీసేయ్. అదే ఫైల్‌లో ‘డీటీఓవర్‌లే=వీసీ4-కేఎంఎస్-వీ3డీ’ అన్న వరస ఉందో లేదో చూడు. మధ్యలో ‘కేఎంఎస్’ బదులు ‘ఎఫ్‌కేఎంఎస్’ ఉంటే ఆ ‘ఎఫ్’ తీసెయ్, పాతకాలపు ఏర్పాటు అది.

అసలు గొడవ నీ ఫోన్ వీడియోతోనే. పై 4 హెచ్.264 రకాన్ని చిప్పు మీద 1080పీ వరకే విప్పుతుంది. 4కే కావాలంటే హెచ్‌ఈవీసీ రకం ఉండాలి. నీ ఫోన్ 4కేని హెచ్.264లో తీస్తుంటే ఆ భారమంతా ప్రాసెసర్ మోయాలి. జరీ అంచు మీద వెలుగు పడి మెరిసే చోట, బట్ట కదిలే చోట మారే చుక్కలు ఎక్కువ, అందుకే సరిగ్గా అక్కడే ఇరుక్కుంటోంది. ఇంట్లో ఇంకో కంప్యూటర్ ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రామ్‌లో 1080పీ హెచ్.264గా మార్చి వేయి. కొట్లో నిలబడి చూసేవాళ్లకు తేడా తెలియదు.

మరో సంగతి. తెర మూల మీద చిన్న మెరుపు గుర్తు కనిపిస్తోందా? కనిపిస్తే కరెంటు చాలడం లేదని అర్థం. చాలామంది ఫోన్ చార్జర్ తగిలిస్తారు. పై 4కి 5 వోల్టుల 3 ఆంపియర్ల సప్లై కావాలి. చాలకపోతే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ‘వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్’ కొట్టు, 0ఎక్స్0 అని వస్తే ఆ బాధ లేనట్టే.

ప్రశ్న: సార్, మావయ్య తన నెట్‌బుక్ నాకిచ్చారు. ఆటమ్ ఎన్2600. తేలికని ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాను. రెండరర్ ఎల్‌ఎల్‌వీఎంపైప్ అనే చూపిస్తోంది, నోమోడ్‌సెట్ లేదు. ఎన్ని కమాండ్లు కొట్టినా ఐ915 డ్రైవర్ రావడం లేదు.
– డిగ్రీ విద్యార్థి, రాయగడ

జవాబు: రాదు బాబూ. కమాండ్లు ఆపేయ్. పైన ఇంటెల్ పేరు ఉన్నా అందులోని జీఎంఏ 3600 గ్రాఫిక్స్ ఇంటెల్ గీసుకున్న డిజైన్ కాదు, ఇమాజినేషన్ కంపెనీ పవర్‌వీఆర్. లినక్స్‌లో దానికి ‘జీఎంఏ500’ అనే డ్రైవర్ ఉంది, అది తెరను సరైన కొలతలో వెలిగిస్తుంది, అంతవరకే. త్రీడీ పనికి వాడుకోదగ్గ స్వేచ్ఛా (ఓపెన్ సోర్స్) డ్రైవర్ లేదు. విచిత్రం ఏమిటంటే, దీనికన్నా ముందు వచ్చిన ఎన్450, ఎన్455 నెట్‌బుక్‌లలో ఇంటెల్ సొంత చిప్పు ఉంది, వాటికి ఐ915 చక్కగా వస్తుంది. పాత సామాను కొనేవాళ్లు ఏడాది చూడకుండా మోడల్ నంబర్ చూడాలని నేను మొత్తుకునేది ఇందుకే.

మావయ్య ప్రేమగా ఇచ్చారు కాబట్టి వాడుకోవడం ఎలాగో చెబుతాను. సెట్టింగ్స్‌లో ‘విండో మేనేజర్ ట్వీక్స్’ తెరిచి, కంపోజిటర్ ట్యాబ్‌లో టిక్ తీసెయ్. నీడలు, పారదర్శకాలు పోతాయి, విండోలు చురుగ్గా కదులుతాయి. వీడియోలు 360పీలో దింపుకుని ఎంపీవీలో చూడు. ప్రాజెక్ట్ టైపింగ్‌కు, పీడీఎఫ్ చదువుకోవడానికి బాగానే పనికొస్తుంది. ఆన్‌లైన్ క్లాసుకు మాత్రం ఫోన్ పట్టుకో.