ఓటీపీ ఇచ్చినంత మాత్రాన నష్టమంతా మీదేనా?

ప్రశ్న: సెలవుల కోసం ఒక పేరున్న యాప్‌లో హోటల్ గది బుక్ చేసుకున్నాం. రెండు రోజుల తర్వాత అదే యాప్ చాట్‌లో హోటల్ పేరుతో ఒక మెసేజ్ వచ్చింది. కార్డు వెరిఫికేషన్ పూర్తి కాలేదని, ఈ రాత్రిలోపు చేయకపోతే గది రద్దవుతుందని. నా పేరు, తేదీలు, బుకింగ్ నంబర్ అన్నీ సరిగ్గా ఉండేసరికి లింక్ తెరిచి కార్డు వివరాలు, ఓటీపీ ఇచ్చాను. రాత్రి 9.40కి క్రెడిట్ కార్డు నుంచి 46 వేలు పోయాయి. 9.52కి ఓటీపీ లేకుండానే ఏదో విదేశీ సైట్‌లో 31 వేలు. 10.05కి బ్యాంకుకు ఫోన్ చేశాను, కంప్లయింట్ నంబర్ ఇచ్చారు. అయినా 10.20కి ఇంకో 22 వేలు పోయాయి. ఓటీపీ మీరే ఇచ్చారు కాబట్టి మొత్తం మీరే కట్టాలని బ్యాంకు మెయిల్ పెట్టింది. బిల్లు గడువు దగ్గర పడింది, చాలా టెన్షన్‌గా ఉంది. కట్టాల్సిందేనా? – ఒక పాఠకురాలు

జవాబు: బ్యాంకు మూడు లావాదేవీలనూ ఒకే గాటన కట్టేసింది. నియమాలు అలా లేవు. రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఇలాంటి కేసుల్లో చూడాల్సినవి రెండు: తప్పు ఎవరి వైపు జరిగింది, మీరు ఎప్పుడు చెప్పారు. అందుకే మీ మూడు లావాదేవీలనూ విడదీసి చూడాలి.

అన్నిటికంటే బలమైనది మూడోది, అక్కడి నుంచే మొదలుపెడదాం. మీరు 10.05కి చెప్పారు, డబ్బు 10.20కి పోయింది. కస్టమర్ నిర్లక్ష్యం ఉన్న కేసుల్లో కూడా ఫిర్యాదు చేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదేనని సర్క్యులర్ స్పష్టంగా చెబుతోంది. ఫిర్యాదు అందగానే మరో లావాదేవీ జరగకుండా ఆపడం వాళ్ల పని. ఆ 22 వేల గురించి వాదన కూడా అక్కర్లేదు, మీ కంప్లయింట్ నంబర్, దాని సమయం చాలు. మీ ఫోన్‌లోని కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ ఇవాళే తీసి పెట్టుకోండి.

రెండోదానిలో మీకు వాదించడానికి చోటుంది. కార్డు వివరాలు మీరే ఇచ్చారని బ్యాంకు అంటుంది, నిజమే. కానీ మీరు అడగాల్సిన ప్రశ్న వేరు: ఈ కార్డు మీద విదేశీ లావాదేవీలను ఎవరు ఆన్ చేశారు? 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఆ సదుపాయం కస్టమర్ అడిగితేనే ఆన్ చేయాలి. విదేశీ సైట్లలో చాలా చోట్ల ఓటీపీ అడగరు కాబట్టి ఈ జాగ్రత్త ముఖ్యం. మీరు ఎప్పుడూ ఆన్ చేయలేదనుకోండి, లోపం బ్యాంకుది. బ్యాంకు లోపమైతే మీ బాధ్యత సున్నా. ఎప్పుడు, ఏ పద్ధతిలో ఆన్ అయిందో రికార్డు చూపించమని రాతపూర్వకంగా అడగండి. కస్టమర్‌దే బాధ్యత అని నిరూపించాల్సిన భారం బ్యాంకు మీదే ఉంటుంది. మెయిల్‌లో ఒక్క వాక్యం రాసేస్తే నిరూపించినట్టు కాదు. అదే మీరే పాత ప్రయాణం కోసం ఆన్ చేసి మర్చిపోయి ఉంటే మాత్రం ఈ వాదన బలహీనపడుతుంది.

మొదటిది కష్టం. ఓటీపీ ఇవ్వడాన్ని సర్క్యులర్ కస్టమర్ నిర్లక్ష్యం కింద చూస్తుంది, ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం కస్టమర్‌దే అంటుంది. అయినా వదిలేయకండి. చార్జ్‌బ్యాక్ అడగండి. అంటే డబ్బు తీసుకున్న వ్యాపారి నుంచి కార్డు నెట్‌వర్క్ (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటివి) ద్వారా దాన్ని వెనక్కి రాబట్టే పద్ధతి. దీనికి నెట్‌వర్క్‌లు పెట్టుకున్న గడువు చాలా సందర్భాల్లో 120 రోజులు. ఫోన్‌లో చెబితే సరిపోదు, బ్యాంకు డిస్ప్యూట్ ఫారం నింపి పంపాలి. ఓటీపీ మెసేజ్‌లో ఏ వ్యాపారి పేరు, ఎంత మొత్తం అని ఉందో కూడా చూడండి. హోటల్ వెరిఫికేషన్ అనుకుంటున్న మీకు సంబంధం లేని ఇంకో పేరు అందులో ఉంటే అది మీకు అనుకూలమా, ప్రతికూలమా అన్నది రెండు వైపులా వాదించవచ్చు. నేనైతే దాచకుండా జతచేస్తాను, ఎలాగూ బ్యాంకు దగ్గర ఉంటుంది.

మిగతా పాఠకుల కోసం ఒక మాట. తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, ఎక్కడో డేటా లీకై డబ్బు పోయిందంటే, బ్యాంకు సమాచారం అందిన మూడు పని దినాల్లోపు చెప్తే మీ బాధ్యత సున్నా. సమాచారం అందిన రోజు లెక్కలోకి రాదు. నాలుగు నుంచి ఏడు పని దినాలైతే, 5 లక్షల లోపు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు గరిష్ఠంగా 10 వేలు. ఏడు పని దినాలు దాటితే ఆ బ్యాంకు విధానం ఎలా ఉంటే అలా. కాబట్టి ఎస్సెమ్మెస్‌లు చూడకుండా వదిలేసే అలవాటు ఖరీదైనది.

ఇక బిల్లు. బిల్లు అసలు కట్టకుండా ఆపేయకండి, చాలామంది చేసే తప్పు అదే. వివాదం లేని ఖర్చులన్నీ గడువులోపు కట్టి, ఈ మూడు మొత్తాలను మోసం కింద వివాదంలో పెట్టానని మెయిల్‌లో రాయండి. కార్డుల మీద రిజర్వ్ బ్యాంక్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మోసమని వివాదంలో ఉన్న లావాదేవీపై అది తేలేదాకా చార్జీలు వేయకూడదు. ఆ వివాదం తేలకుండా ఎగవేతగా క్రెడిట్ బ్యూరోకు (అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థకు) పంపడమూ కుదరదు. రికవరీ ఏజెంట్ ఫోన్ చేస్తే ఈ రెండు మాటలూ చెప్పండి, గొంతు తగ్గుతుంది.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఇంకా చేయకపోతే ఇవాళే చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. తొలి గంటల్లో అయితే డబ్బు దారిలోనే ఆగే అవకాశం ఎక్కువ, ఇప్పుడు కొంత ఆలస్యమైంది, అయినా ఆ రసీదు ప్రతిచోటా అడుగుతారు. ఐటీ చట్టం 66సీ, 66డీ సెక్షన్లు, భారతీయ న్యాయ సంహిత 318 వర్తిస్తాయి. మా పరిధి కాదని స్టేషన్‌లో అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, అంటే పరిధితో సంబంధం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే కేసు. చాట్ డిలీట్ చేయొద్దు, ఫోన్ రీసెట్ చేయొద్దు. ఆ లింక్ పూర్తి అడ్రస్ కనిపించేలా స్క్రీన్‌షాట్ ఉండాలి.

బ్యాంకు మీ ఫిర్యాదును తిరస్కరించింది కాబట్టి నేరుగా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. ఫీజు లేదు. లాయర్ ద్వారా వేస్తే తీసుకోరు కూడా, మా వృత్తికి నష్టమే అయినా మీకు లాభం! ముందే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే మాత్రం అదే విషయం మీద అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. అందుకే ముందు ఇది, తేలకపోతే అది. కమిషన్‌కు రెండేళ్ల గడువుంది, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. అక్కడ యాప్‌నూ హోటల్‌నూ కూడా చేర్చండి. మీ బుకింగ్ నంబర్ మోసగాడికి ఎలా తెలిసింది, వాళ్ల చాట్‌లోకి ఎలా వచ్చాడు అన్నదానికి జవాబు వాళ్లే చెప్పాలి.

మీ ప్రయాణం ఇంకా ఉంది కదా, గది సంగతి కూడా చూసుకోండి. పాత కార్డు బ్లాక్ అయింది, హోటల్ దాని మీద డబ్బు తీసుకోవాలని చూస్తే బుకింగ్ నిజంగానే రద్దు కావచ్చు. హోటల్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కే ఫోన్ చేయండి. సెర్చ్‌లో పైన కనిపించే కస్టమర్ కేర్ నంబర్లు, ఆ చాట్‌లో ఇచ్చిన నంబర్ వద్దు. వీలైతే అక్కడికి వెళ్లాక కట్టే పద్ధతికి మార్పించుకోండి. కార్డు ఫొటో వాట్సాప్‌లో పంపమంటే పంపకండి. కొత్త కార్డు రాగానే విదేశీ వాడకం ఆఫ్‌లో ఉందో లేదో చూసి, ఆన్‌లైన్ లిమిట్‌ను మీరు చేయబోయే బుకింగ్‌కు సరిపడేంతే పెట్టుకోండి.