‘దేశమును ప్రేమించుమన్నా’లో ‘ను’ గురువా, లఘువా?

సందేహం: నమస్కారం గురువుగారూ. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. బడిలో ఛందస్సు పాఠం అయ్యాక తనంతట తానే గురజాడ ‘దేశభక్తి’ గేయానికి గురులఘువులు గుర్తించడం మొదలుపెట్టి, మొదటి పాదంలోనే ఆగిపోయింది. ‘దేశమును ప్రేమించుమన్నా’లో ‘ను’ పక్కన ‘ప్రే’ ఉంది. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అని పుస్తకంలో ఉంది. అలా లెక్కిస్తే (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు) ఈ పాదానికి 15 మాత్రలు వస్తున్నాయి. తర్వాతి రెండు పాదాలకు మాత్రం 14. గురజాడ గతి తప్పాడా, మా లెక్క తప్పా? ఛందస్సును వదిలేసిన ఆధునిక కవులకు ఈ కొలతలెందుకని మావారు. ఇంట్లో రెండు రోజులుగా ఇదే వాదన.

సమాధానం: అమ్మా, గురజాడ గతి తప్పలేదు. మీ అమ్మాయి లెక్క తప్పిందీ లేదు, తన చేతికి అందిన సూత్రమే సగం. సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వాక్షరం గురువవుతుంది, నిజమే. అయితే ఆ రెండూ ఒకే పదంలో గానీ, ఒకే సమాసంలో గానీ ఉండాలి. తెలుగు పదం ఒకటి ముగిసి, మరో పదం సంయుక్తాక్షరంతో మొదలైతే ఆ ముందు పదం చివరి అక్షరానికి బరువు పెరగదు. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండో ముక్క చాలాసార్లు జారిపోతుంది. టీచర్లూ టైమ్ లేక వదిలేస్తారు.

చెవితో తేల్చుకోవచ్చు. ‘వరప్రసాద్’ అని ఎవరినైనా పిలవండి. ‘ర’ దగ్గర నాలుక ఆగి, ‘వరప్‌ప్రసాద్’ అన్నట్టు వినబడుతుంది. ఇప్పుడు ‘మీరు ప్రసాదం తీసుకున్నారా?’ అనండి. ‘రు’ తేలిగ్గా జారిపోతుంది, ‘మీరుప్‌ప్రసాదం’ అని ఎవరూ అనరు. రెండు చోట్లా పక్కనున్నది ఆ ‘ప్ర’యే. మొదటిది సమాసం కాబట్టి ఒక్క ఊపులో పలికాం. రెండోది రెండు మాటలు. అలాగే ‘దేశప్రేమ’ అంటే ‘శ’ గురువు, ‘దేశమును ప్రేమించు’ అంటే ‘ను’ లఘువు.

ఇది గురజాడ కోసం తయారుచేసిన మినహాయింపేమో అని మీవారు అనొచ్చు. ఆయనకు సుమతీ శతకంలో ఈ పద్యం చూపించండి:

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమునఁ దా
నెక్కినఁ బారని గుఱ్ఱము
గ్రక్కున విడువంగవలయుఁ గదరా సుమతీ

ఇది కందం. గణానికి నాలుగు మాత్రలు, అందులో రాజీ లేదు. మొదటి పాదంలో ‘అక్కర’, ‘కు రాని’, ‘చుట్టము’ అని మూడు గణాలు. ‘చుట్టము’లో ‘ము’ తర్వాత రెండో పాదం ‘మ్రొ’తో మొదలవుతోంది. దాన్ని చూసి ‘ము’ను గురువు చేస్తే ఆ గణానికి ఐదు మాత్రలై కందమే చెడుతుంది. మూడో పాదం చివర ‘గుఱ్ఱము’, ఆ వెంటనే ‘గ్రక్కున’. అక్కడా అదే సంగతి.

పాదం మారింది కాబట్టి లెక్కలోకి రాలేదని అంటారేమో, అదీ కుదరదు. పోతన భాగవతం మొదటి పద్యం శార్దూలంలో నడుస్తుంది: ‘శ్రీకైవల్య పదంబుఁ జేరుటకునై చింతించెదన్ లోకర / క్షైకారంభకు...’ శార్దూలం పాదం గురువుతో ముగియాలి. ఇక్కడ మొదటి పాదం చివర ఉన్నది ‘ర’ అనే హ్రస్వం. అది గురువెలా అయింది? తర్వాతి పాదం మొదట్లో ఉన్న ‘క్షై’ వల్ల. ‘లోకరక్షైక’ ఒకే సమాసం కాబట్టి పాదం విరిగినా ‘క్షై’ బరువు వెనక్కి వచ్చి ‘ర’ మీద పడింది. సుమతి పద్యంలో ‘చుట్టము’, ‘మ్రొక్కిన’ వేర్వేరు మాటలు కాబట్టి పడలేదు. చూడాల్సింది పాదం విరుపు కాదు, పదం విరుపు.

పాదం మధ్యలో కూడా ఒకటి కావాలంటే గజేంద్రుడి మొర ఉంది. ‘లా వొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్’ అన్నదీ శార్దూలమే. పాదానికి 19 అక్షరాలు, గణాలు మ స జ స త త గ. వేళ్ల మీద లెక్కపెట్టండి. ‘లం’ పదమూడోది, ‘బ’ పద్నాలుగోది, ‘య్యె’ పదిహేనోది. త-గణం అంటే గురువు, గురువు, లఘువు. మొదటి త-గణంలో మూడో అక్షరం అదే కాబట్టి లఘువే కావాలి. దాని పక్కనే ‘బ్రా’ ఉంది. ఉన్నా పోతన దాన్ని లఘువుగానే వాడాడు. పనిలో పనిగా ఆ అరసున్న కూడా గమనించండి. ‘అయ్యెన్’ చివరి ద్రుతం, అంటే ఆ ‘న్’, ‘ప్రాణంబు’లో ‘ప్రా’ను ‘బ్రా’ చేసి, తాను అరసున్నగా మిగిలింది. అరసున్నకు బరువు లేదు. అక్కడ నిండు సున్న రాసి ‘అయ్యెం బ్రాణంబులున్’ అంటే ‘య్యె’ గురువై పద్యం కుంటుతుంది. అరసున్నలు తీసేసి అచ్చువేసే పుస్తకాలతో లఘువు లఘువుగానే ఉంటుంది గానీ, ‘ప్ర’ ‘బ్ర’గా ఎందుకు మారిందో పిల్లలకు అంతుపట్టదు.

ఇక గురజాడ దగ్గరికి వద్దాం. 1910లో ఆయన తెచ్చిన ‘ముత్యాల సరం’ అనే నడక ఛందస్సును వదిలేసింది కాదు, దేశి నడకను చేరదీసింది. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్లీ మూడు, నాలుగు. రగడ అనే పాత మాత్రాఛందస్సులో వృషభగతి అనే రకానికి ఉన్న నడకే ఇది. ఇలా విరిచి చదవండి: దేశ / మును ప్రే / మించు / మన్నా. ‘మును ప్రే’లో లఘువు, లఘువు, గురువు, మొత్తం నాలుగు మాత్రలు. ‘మంచి / అన్నది / పెంచు / మన్నా’, ‘వట్టి / మాటలు / కట్టి / పెట్టోయ్’ కూడా ఇంతే. ‘ను’ను గురువు చేస్తే మీకు వచ్చిన ఆ పదిహేనో మాత్ర దగ్గరే నడక తడబడుతుంది.

నాలుగో పాదం ‘గట్టి మేల్ తలపెట్టవోయ్’కి మీ అమ్మాయి 12 మాత్రలే లెక్కగట్టి ఉంటుంది. అదీ తప్పు కాదు. చివరి నాలుగు మాత్రల చోట రెండే వేసి, మిగిలిన రెండింటి జాగా కవి ఖాళీగా వదిలాడు. నాకు ఈ గేయంలో అన్నిటికన్నా నచ్చేది ఈ ఖాళీ. ‘దేశమంటే మట్టికాదోయ్’ నిండుగా 14. ‘దేశమంటే మనుషులోయ్’ 12. ‘మట్టి కాదు’ అన్న పాదం ఆగకుండా తర్వాతి పాదంలోకి దూసుకెళ్తుంది. ‘మనుషులోయ్’ అన్నాక ఆ రెండు మాత్రల కాలం విన్నవాడిది. ఆ పాదానికి ఇంకో మాట తగిలించి 14 చేసి చూడండి, బిగువు ఎలా సడలుతుందో తెలుస్తుంది. పాటకట్టి పాడేటప్పుడు ఆ చోటును వాయిద్యాలతో నింపేస్తుంటారు, అది నాకు అంతగా రుచించదు.

‘మంచి అన్నది’ అని గురజాడ అచ్చును అచ్చుగానే ఉంచిన సంగతి కూడా అమ్మాయికి చెప్పండి. పాత పద్యమైతే ‘మంచి యన్నది’ అని యడాగమం వచ్చేది. మాత్రల లెక్కకు రెండూ సమానమే, గురజాడ నోటిమాట వైపు మొగ్గాడు. సంధిలో సంప్రదాయాన్ని సడలించిన మనిషే గురులఘువుల దగ్గర సుమతి దారిలోనే నడిచాడు.

మీవారికి చూపించడానికి శ్రీశ్రీ కూడా ఉన్నాడు. 1934 నాటి ‘మహాప్రస్థానం’ గేయంలో ‘మరో ప్రపంచం’ అన్నచోట ‘రో’ ఎలాగూ దీర్ఘమే కాబట్టి ‘ప్ర’ ముందున్నా మన సందేహానికి సాక్ష్యం కాదు. ‘పదండి ముందుకు, పదండి త్రోసుకు’ చూడండి. నాలుగేసి మాత్రల నడక. ‘పదండి’ అంటే ఒకటి, రెండు, ఒకటి. రెండోసారి ‘డి’ పక్కన ‘త్రో’ వచ్చినా మాత్రలు మారలేదు. ‘తోసుకు’ అని పాడేవాళ్లూ ఉన్నారు, లెక్క అదే.

వచన కవిత విషయంలో మాత్రం మీవారి మాట ఒప్పుకుంటాను. మాత్రల నియమం పెట్టుకోని కవితకు గణవిభజన చేయబోవడం దండగ. అక్కడ చూడాల్సినవి వాక్యం ఎక్కడ విరిగింది, ఏ మాట మళ్లీ మళ్లీ వచ్చింది వంటివి.

అమ్మాయి పరీక్ష గురించి ఒక్క మాట. గురులఘువులు గుర్తించే ముందు పద్యాన్ని ఒకసారి పైకి చదివి, పదాల మధ్య పెన్సిల్‌తో గీతలు పెట్టుకోమనండి. గీత అవతల సంయుక్తాక్షరం ఉంటే ఇవతలి హ్రస్వానికి లఘువు గుర్తే వేయాలి. సంస్కృత సమాసం మధ్యలో మాత్రం గీత పెట్టకూడదు.