ఆడాసిటీలో రివర్బ్ వేస్తే గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉంటోంది, ఏం చేయాలి?

ఫోన్‌లో రికార్డ్ చేసిన పాట పొడిపొడిగా ఉందని ఆడాసిటీలో (ఆడియో ఎడిట్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) రివర్బ్ (గదిలో మోగినట్టు మోత కలిపే ఎఫెక్ట్) వేస్తే నూతిలోంచి వచ్చినట్టుంది అన్నారు కదా, నాదీ ఒకప్పుడు ఇదే గోల. మా అమ్మ పాడిన మంగళహారతికి ‘కెథీడ్రల్’ ప్రీసెట్ (పెద్ద చర్చిలో మోగినట్టుండే రెడీమేడ్ సెట్టింగ్) కొట్టేసి, గుళ్లో పాడినట్టుందని మురిసిపోయి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. "అక్క ఎక్కడ దాక్కుని పాడిందిరా?" అంది మా పిన్ని.

తప్పు ప్రీసెట్‌ది ఒక్కదానిదే కాదు. మేం రికార్డ్ చేసింది హాల్లో. బండల నేల, బోసి గోడలు. ఆ గది మోత అప్పటికే గొంతులో కలిసిపోయింది, దాని మీద నేను ఇంకో గది తెచ్చి పెట్టాను. కలిసిపోయిన మోతని తర్వాత విడదీయడం మహా కష్టం. అందుకే మళ్లీ పడగ్గదిలో, బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చోబెట్టి, వెనకాల బొంత వేలాడదీసి, ఫ్యాన్ ఆపేసి పాడించాను. ఫోన్ మూరెడు దూరంలో. ఉక్కపోతకి నన్ను తిట్టింది గానీ గొంతు మాత్రం శుభ్రంగా వచ్చింది.

ఇక సెట్టింగులు. ట్రాక్‌ని కంట్రోల్ డి కొట్టి కాపీ చేసుకోండి. కాపీ మీద మాత్రమే రివర్బ్ వేయండి, ‘వెట్ ఓన్లీ’ (అసలు గొంతు లేకుండా మోత మాత్రమే) టిక్ పెట్టి. నేను రూమ్ సైజ్ (గది ఎంత పెద్దది) 40, రివర్బరెన్స్ (మోత ఎంతసేపు నిలవాలి) 30 దగ్గర మొదలుపెడతాను. ప్రీ-డిలే (మాటకీ మోతకీ మధ్య ఎడం) 20 మిల్లీసెకన్లు. అంటే శబ్దం దాదాపు 7 మీటర్లు వెళ్లేంత టైము. ఈ కాస్త ఎడం ఉంటే మాట ముందు వినబడి మోత వెనకాల వస్తుంది, ‘ద్ధ’, ‘త్త’ లాంటి ఒత్తులు చెరిగిపోవు. ‘స’, ‘శ’ల దగ్గర బుస్సుమంటుంటే టోన్ హై (మోతలో సన్నటి శబ్దాల పాలు) 50కి దించండి. ఆ కాపీకే హై-పాస్ ఫిల్టర్ (చెప్పిన హద్దు కింది లోతు శబ్దాల్ని తగ్గించేది) 200 హెర్ట్జ్ దగ్గర పెడితే అడుగున గుంయ్‌మనే మోత పోతుంది. తర్వాత కాపీ వాల్యూమ్ పూర్తిగా తగ్గించి మెల్లగా పెంచుతూ రండి. రివర్బ్ ఉందని తెలిసిందంటే ఎక్కువైనట్టే, కొంచెం వెనక్కి లాగండి. కాపీని మ్యూట్ చేసినప్పుడే లోటు తెలియాలి.

నాయిస్ రిడక్షన్ (వెనకాల వచ్చే రొద తగ్గించడం) చేసేదుంటే రివర్బ్‌కి ముందే కానిచ్చేయండి. పాట చివర నాలుగు సెకన్ల సైలెన్స్ కలిపి, దాన్నీ సెలెక్ట్ చేశాకే రివర్బ్ వేయండి. లేకపోతే ఆఖరి అక్షరం మోత కత్తిరించినట్టు టక్కున ఆగిపోతుంది. ఇది నాకు తట్టడానికి వారం పట్టింది.