మొండి ఆవు కాదు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

కొత్తగా కొన్న ఆవు కొట్టం గుమ్మం దగ్గరే ఆగిపోతోందనీ, ఎంత అదిలించినా లోపలికి అడుగు వేయదనీ, ఒట్టి మొండిదనీ రాశావు. ఇన్నేళ్లలో నాకు నిజంగా మొండి ఆవులు తగిలింది చాలా తక్కువ. భయపడ్డవి మాత్రం లెక్కలేనన్ని.

కర్ర పక్కన పెట్టి, ఆవు ఎత్తుకు వంగి, ఆ గుమ్మంలోంచి నువ్వే లోపలికి చూడు. బయట ఎండ, లోపల చీకటిగా ఉందా? నేల మీద నీడ అడ్డంగా పడుతోందా? పక్కన గొలుసో గుడ్డో ఊగుతోందా? ఆవు కళ్లు తలకు చెరో పక్క ఉంటాయి కాబట్టి దానికి దాదాపు 330 డిగ్రీల మేర కనిపిస్తుంది. కానీ లోతు సరిగ్గా అందదు. మనకు నీడగా కనిపించేది దానికి గొయ్యి కావచ్చు. అది తల దించి, వాసన చూసి, తేల్చుకునేదాకా నువ్వు ఆగు. లోపల ఒక లైటు వేసి ఉంచు.

తోలేటప్పుడు సరిగ్గా తోక వెనక నిలబడకు. దానికి కనిపించని చోటు అదే. ప్రతి పశువుకీ తన చుట్టూ ఒక హద్దు ఉంటుంది. నువ్వు అందులోకి అడుగు పెడితే కదులుతుంది, బయటికి వస్తే ఆగుతుంది. పక్కనే ఉండి, దాని భుజానికి కాస్త వెనగ్గా నడిస్తే ముందుకు పోతుంది. భుజం దాటి ముందుకొచ్చావో, వెనక్కి తిరుగుతుంది. అరుపులు కూడా వద్దు. కుర్రతనంలో నేనూ గొంతు చించుకునేవాణ్ణి, ఆ తర్వాత పాలు చేపలేదని, అంటే కిందికి వదల్లేదని, ఆవునే తిట్టేవాణ్ణి. బెదిరిన ఆవు పొదుగులో పాలున్నా చేపదని తెలియడానికి చాలాకాలం పట్టింది.

పాత ఆవులు దాన్ని కుమ్ముతున్నాయని టెన్షన్ పడకు. మందలో ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చుకుంటున్నాయి. నాలుగైదు రోజుల్లో సర్దుకుంటాయి. నీ పని చోటు చూపించడమే: నీళ్ల తొట్టి రెండోది పెట్టు, కొత్తది మూలలో చిక్కుకోకుండా చూడు. ఒకదాని మెడ ఇంకొకటి నాకడం మొదలైతే కుదురుకుంటున్నట్టే.

పగలంతా పడుకునే ఉంటోందని రాశావు. ఉండనీ. పాడి ఆవు రోజుకు 10 నుంచి 12 గంటలు పడుకోవాలి. అలాగని నిద్రపోతున్నట్టు కాదు, ఆ సమయంలో చాలావరకు నెమరు వేస్తూ ఉంటుంది. నెమరు ఆగితేనే కంగారు పడాలి. లేచే తీరు కూడా గమనించు. ఆవు తలను ముందుకు విసిరి, మొదట వెనక కాళ్లెత్తి లేస్తుంది. నేనొకసారి గోడ మరీ దగ్గరగా కట్టేశాను. తల చాపే చోటు లేక ఆవులు గుర్రాల్లా ముందు కాళ్ల మీద లేవసాగాయి. కాళ్లకు జబ్బనుకుని మందులు కూడా వేయించాను. గోడ జరిపాక ఏ జబ్బూ లేదు.

దాన్ని చూలు మీద కొన్నావు కదా, నెలలు నిండాక మేతలో మంద విడిచి ఓ పక్కకు పోతే తప్పిపోతోందనుకోకు. ఇంగ్లండులోని చిల్లింగ్‌హామ్‌లో వందల ఏళ్లుగా మనుషుల పెంపకం లేకుండా బతుకుతున్న పశువులు కూడా మందకు దూరంగా ఈని, దూడను కొన్నాళ్లు దాచి ఉంచుతాయి. తల్లి మేతకు పోయినా దూడ చప్పుడు చేయకుండా పడుకునే ఉంటుంది. దిక్కులేక పడి ఉందనుకుని ఎత్తుకొచ్చేవు సుమా! ఈనిన ఆవు ఎంత సాధువైనా, తల్లికీ దూడకీ మధ్యలోకి వెళ్లకు.

చివరగా, పిల్లలు కోడెదూడ నుదురు నెట్టి ఆడుతున్నారన్నావే, అది ఈరోజే ఆపించు. ఒంటరిగా, మనుషుల చేతుల్లో పెరిగిన కోడె తనను తాను మనలో ఒకడిగా లెక్క కడుతుంది. పెద్దయ్యాక బలం తేల్చుకోవడానికి తోటి ఎద్దు మీదికి కాదు, మన మీదికే వస్తుంది. మెడ వంచి పక్కకు తిరిగి ఒళ్లు చూపిస్తోందంటే సొగసు కాదు, బెదిరింపు. అప్పుడు వీపు చూపకుండా మెల్లగా వెనక్కి నడవాలి. అంతదాకా తెచ్చుకోకుండా ఈ వారమే దాన్ని తోటి దూడల్లో కలిపెయ్.

లైటు వేశాక ఆవు లోపలికొచ్చిందో లేదో రాయి.

మీ మామయ్య