మీ ప్రశ్నలు, మా జవాబులు: అట్టడుగున పడ్డ ఫుట్‌బాల్ జట్టును మళ్లీ కట్టడం ఎలా?

ప్రశ్న: సార్, మాది సికింద్రాబాద్. 2019-20లో గచ్చిబౌలికి వెళ్లి హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్‌లు చూసినవాణ్ని. ఆ ఏడాది ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) పట్టికలో అందరికంటే కింద ఉన్నారు. రెండేళ్లు తిరిగేసరికి కప్పు గెలిచారు. ఆట లేని ఆ నెలల్లో ఏం చేశారు? పెద్ద పేరున్న విదేశీయుల్ని కొన్నందుకేనా?

జవాబు: కొనుగోళ్లు తర్వాత సంగతి. ముందు ఎవర్ని ఉంచుకోవాలో తేల్చుకున్నారు, అసలు కథ అక్కడుంది.

మొదటి ఏడాది ఎందుకు మునిగారో గుర్తు చేసుకుందాం. పుణె క్లబ్ మూతపడితే దాని స్థానంలో 2019 ఆగస్టులో హైదరాబాద్ క్లబ్ పుట్టింది. అక్టోబర్ 25న కోల్‌కతాలో మొదటి మ్యాచ్. అంటే కోచ్, ఆటగాళ్లు, ప్రాక్టీస్, హోటళ్లు, జెర్సీలు అన్నీ కలిపి రెండు నెలలు. ఆ మ్యాచ్‌లో 5-0తో ఓడారు. నవంబర్‌లో సొంత గడ్డ మీద కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో కొట్టినప్పుడు స్టేడియం ఎలా ఊగిపోయిందో మీరు చూసే ఉంటారు, ఇక గాడిలో పడ్డట్టేనని నేనూ అనుకున్నాను. పడలేదు. మొత్తం 18 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు, 4 డ్రాలు, 12 ఓటములు, 10 పాయింట్లు. ఎదుటి జట్లకు ఇచ్చుకున్న గోల్స్ 39. జనవరిలో కోచ్ ఫిల్ బ్రౌన్‌ను పంపించేశారు.

ఇప్పుడు చాలామంది మర్చిపోయిన మ్యాచ్ ఒకటి చెప్తాను. 2020 ఫిబ్రవరి 20, గువాహటి. హైదరాబాద్‌కు అది సీజన్‌లో చివరి మ్యాచ్, గెలిచినా ఓడినా పట్టికలో మారేదేమీ లేదు. అలాంటి రోజున నార్త్ ఈస్ట్ మీద 5-1తో గెలిచారు. అందులో రెండు గోల్స్ లిస్టన్ కొలాసోవి. జనవరిలోనే ఎఫ్‌సీ గోవా క్లబ్ నుంచి వచ్చిన కుర్రాడు. ఎడమవైపు నుంచి బంతి లోపలికి లాక్కొచ్చి, డిఫెండర్ కాలు చాచేలోపే కుడికాలితో షాట్ తీసే అలవాటు అతనిది. చేజారిన సీజన్‌లో లెక్కలోకి రాని మ్యాచ్ కదా అని కొట్టిపారేయకుండా అలాంటి ఆటను నోట్ చేసుకునేవాళ్లే జట్టును మళ్లీ కట్టగలరు.

ఆ వేసవిలో ఇంకో దెబ్బ తగిలింది. కొత్త కోచ్‌గా ఖాయమైన ఆల్బర్ట్ రోకా ఆగస్టులో బార్సిలోనా సిబ్బందిలో చేరడానికి వెళ్లిపోయాడు. సీజన్ నవంబర్‌లో. అప్పుడు వచ్చినవాడే మనోలో మార్కెజ్. స్పెయిన్‌లో ఎక్కువ కాలం చిన్న క్లబ్బుల దగ్గర, కుర్రాళ్ల జట్ల దగ్గర పనిచేసినవాడు. పేరు వినగానే జనం ఎగిరి గంతేసే కోచ్ కాదు. కానీ ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి ఇరవై దాటని, అప్పుడే దాటిన పిల్లల్ని రెండు పక్కలా డిఫెన్స్‌లో నిలబెట్టి, ఒక తప్పు చేయగానే బెంచ్ మీదికి లాగేయకుండా వరసగా ఆడించాడు. మధ్యలో చింగ్లెన్‌సానా సింగ్, అతని పక్కన స్పెయిన్ డిఫెండర్ ఒడేయి ఒనయిండియా, వాళ్ల ముందు మిడ్‌ఫీల్డర్ జువావ్ విక్టర్. తొలి ఏడాది స్టార్‌గా చూపించుకున్న మార్సెలిన్హోను వదిలేశారు.

దీని వెనక ఒక లెక్క ఉంది. 2020-21లో మైదానంలో ఒకేసారి ఐదుగురు విదేశీయులు ఆడొచ్చు. ఆ తర్వాతి ఏడాది నుంచి నలుగురే. అంటే పదకొండు మందిలో ఏడుగురు మనవాళ్లు ఉండాల్సిందే. ఆ ఏడుగురు బాగుంటేనే జట్టు నిలుస్తుంది, విదేశీయుల మీద ఎంత కుమ్మరించినా వాళ్లు నలుగురే కదా. హైదరాబాద్ ఆ పని ఏడాది ముందే మొదలుపెట్టింది.

ఫలితం వెంటనే కప్పు రూపంలో రాలేదు. 2020-21లో ఐదో స్థానం, 20 మ్యాచ్‌ల్లో 6 గెలుపులు, 11 డ్రాలు, 3 ఓటములు. సెమీస్ రెండు పాయింట్ల తేడాతో చేజారింది. కానీ ఇచ్చుకున్న గోల్స్ 39 నుంచి 19కి దిగాయి, అదీ రెండు మ్యాచ్‌లు ఎక్కువ ఆడి. నా దృష్టిలో అసలు గెలుపు ఆ ఏడాదే. తర్వాతి విరామంలో లిస్టన్‌ను కోల్‌కతా క్లబ్ ఏటీకే మోహన్ బగాన్‌కు అమ్మేశారు. ఆ వార్త విన్న రోజు చాలా బాధపడ్డాను, ఇప్పుడు ఆలోచిస్తే జట్టు ఒక్కడి మీద ఆధారపడకుండా ఉందనడానికి అదే రుజువు. అప్పటికి 37 ఏళ్లకు దగ్గర్లో ఉన్న స్ట్రైకర్ ఒగ్బెచేను తెచ్చారు, అతను 18 గోల్స్ కొట్టి, అందరికంటే ఎక్కువ గోల్స్ చేసినవాడికిచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నాడు.

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. స్టాండ్స్ నిండా కేరళ పసుపు రంగే. 68వ నిమిషంలో కేరళ గోల్, ఇక అయిపోయిందనుకుంటుంటే 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి వాలీ కొట్టి సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో గెలుపు. ఈ లక్ష్మీకాంత్ కట్టిమణి ఎవరనుకున్నారు? 5-0తో ఓడిన ఆ తొలి సీజన్ నుంచీ క్లబ్‌లోనే ఉన్నవాడు. రెండో ఏడాది చోటు కోసం సుబ్రతా పాల్‌తో పోటీ పడాల్సి వచ్చినా వెళ్లిపోలేదు. చివరి పెనాల్టీ కొట్టిన హలిచరణ్ నర్జరీ కూడా 2020లో వచ్చినవాడే.

ప్రశ్న: మేం సపోర్ట్ చేసే జట్టు గోల్స్ కొట్టడం లేదు. ముందు స్ట్రైకర్‌నే కదా కొనాలి? (గుంటూరు)

జవాబు: ముందు అతని దగ్గరికి బంతి ఎన్నిసార్లు చేరుతోందో చూడండి. చేరకపోతే ఎవర్ని తెచ్చినా ఒకటే, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడతాడు.

జర్మనీలో లెవర్కూసెన్ సంగతి చూడండి. 2022 అక్టోబర్‌లో కోచ్‌గా షాబి అలోన్సో వచ్చేసరికి జట్టు కింద నుంచి రెండోది. 2023 వేసవిలో వేగంగా పరిగెత్తే వింగర్ డియాబీని ఇంగ్లండ్‌కు అమ్మి, బొనిఫేస్ అనే స్ట్రైకర్‌ను తెచ్చుకున్నారు, నిజమే. కానీ అతనితోపాటు మిడ్‌ఫీల్డ్‌లో జాకా, ఎడమవైపు గ్రిమాల్డో, ఇంకా హోఫ్‌మన్ వచ్చారు. గ్రిమాల్డో కాంట్రాక్ట్ అయిపోయింది కాబట్టి ట్రాన్స్‌ఫర్ ఫీజు లేకుండానే దొరికాడు. బంతిని ముందుకు చేర్చే మనుషుల్ని ముందు సరిచూసుకున్నారన్నమాట. 2023-24 లీగ్‌లో 34 మ్యాచ్‌లు, 28 గెలుపులు, 6 డ్రాలు, ఓటమి లేదు.

ప్రశ్న: అన్నా, నేను మిషిగన్‌లో ఉంటాను. ఇక్కడి ఫుట్‌బాల్ వేరనుకోండి, కానీ మా డెట్రాయిట్ లయన్స్ కూడా ఇలాగే లేచింది. మన దగ్గర డ్రాఫ్ట్ పెడితే బాగుండదా?

జవాబు: తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ నుంచి వచ్చే ఆటగాళ్లను ఏటా ఏప్రిల్‌లో వరసగా ఎంచుకుంటారు, పోయిన సీజన్‌లో చివర నిలిచిన జట్టుకు మొదటి అవకాశం. 2021లో లయన్స్ తమ క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపించే, బంతి విసిరే ఆటగాడు) స్టాఫోర్డ్‌ను రామ్స్ జట్టుకు ఇచ్చి, బదులుగా జారెడ్ గాఫ్‌ను, రెండు మొదటి రౌండ్ ఎంపికలను, ఒక మూడో రౌండ్ ఎంపికను తీసుకుంది. అదే ఏడాది ఏడో ఎంపికతో పెనే సూవెల్, 2022లో రెండో ఎంపికతో ఎయిడన్ హచిన్‌సన్ వచ్చారు.

నాకు నచ్చింది మాత్రం వేరే సంగతి. కొత్త కోచ్ డాన్ క్యాంప్‌బెల్ తొలి ఏడాది గెలిచింది మూడే, రెండో ఏడాది మొదటి ఏడు మ్యాచ్‌ల్లో ఒక్కటే. అక్కడ చాలామంది యజమానులు కోచ్‌ను తీసేస్తారు. వీళ్లు ఉంచారు. ఆ ఏడాది 9 గెలుపులు, 8 ఓటములతో ముగించి, 2023లో 12 గెలుపులు, 5 ఓటములతో 30 ఏళ్ల తర్వాత తమ డివిజన్‌లో (లీగ్‌లోని నాలుగు జట్ల గ్రూపులో) మొదటి స్థానం గెలిచారు.

మన ఐఎస్ఎల్‌లోనూ 2017 దాకా భారత ఆటగాళ్లకు డ్రాఫ్ట్ ఉండేది. మళ్లీ పెట్టినా లాభం తక్కువేనని నా అభిప్రాయం. అమెరికాలో కాలేజీలే పెద్ద శిక్షణ కేంద్రాలు, నాలుగేళ్ల ఆట వీడియోలతో సహా కళ్లముందుంటుంది. మన దగ్గర అంత గట్టి కాలేజీ ఆట ఎక్కడుంది? ఆకాశ్ మిశ్రా, భారత ఫుట్‌బాల్ సమాఖ్య నడిపిన కుర్రాళ్ల జట్టు ఇండియన్ ఆరోస్ నుంచి వచ్చాడు. కుర్రాళ్లకు ఆడే అవకాశమిచ్చిన అలాంటి జట్లు పది ఉంటే డ్రాఫ్ట్ గురించి మాట్లాడొచ్చు.

ప్రశ్న: ఆఫ్ సీజన్‌లో ఆటగాళ్లు రోజూ ఏం చేస్తారు? ఉత్త పరుగేనా? (ఇంటర్ విద్యార్థి, వరంగల్)

జవాబు: తమ్ముడూ, పరుగు ఉంటుంది కానీ అదొక్కటే కాదు. ఇంటికి వెళ్లి నెల, నెలన్నర ఉండి వస్తారు, పెళ్లిళ్లు, అమ్మ చేతి వంట, బరువు కాస్త పెరుగుతుంది. రాగానే బరువు, కొవ్వు కొలతలు, పరుగు పరీక్షలు. మొదటి రెండు మూడు వారాలు తొందరపడితే తొడ వెనక కండరం పట్టేసి సీజన్ మొదట్లోనే కూర్చోవాల్సి వస్తుంది. అందుకే కష్టమైన కసరత్తును కొద్దికొద్దిగా పెంచుతారు.

ఒకసారి పొద్దున్నే ఒక జట్టు ప్రాక్టీస్ చూడటానికి వెళ్లాను. మంచు ఇంకా గడ్డి మీదే ఉంది. మైదానంలో పదకొండు మంది ఉన్నారు, ఎదుటి జట్టు లేదు. గోల్‌కీపర్ బంతిని చేత్తో కుడి బ్యాక్‌కు దొర్లించాడు. అతను ఆపగానే మిగతా అందరూ నడుస్తూ, నిజంగా నడుస్తూనే, తమ తమ చోట్లకు జరిగారు. కోచ్ ఈల వేశాడు. అందరూ ఆగారు. ఎడమ వింగర్ దగ్గరికి వెళ్లి భుజాలు పట్టుకుని రెండడుగులు లోపలికి జరిపి మళ్లీ మొదటి నుంచి అన్నాడు. అలా గంటసేపు అదే పాస్, అదే నడక, ఎండ ఎక్కాక అదే పని పరుగుతో. గట్టు మీద కూర్చున్న పిల్లలకు విసుగొచ్చి వెళ్లిపోయారు. నాకు మాత్రం లేవబుద్ధి కాలేదు. మ్యాచ్‌లో తల ఎత్తి చూడకుండానే పక్కవాడికి బంతి ఇస్తారే, అది ఇలాంటి పొద్దుల్లో నేర్చుకున్నదే. నువ్వు ప్రాక్టీస్ మ్యాచ్‌లు చూసేటప్పుడు స్కోరు వదిలేసి, బంతి లేనివాళ్లు ఎటు కదులుతున్నారో చూడు.

ప్రశ్న: అంత బాగా కట్టిన జట్టు ఎలా కూలింది? ఇప్పుడు హైదరాబాద్‌కు ఐఎస్ఎల్ జట్టే లేదు. మా పిల్లలకు ఏం చెప్పాలి? (కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదివి చాలాసేపు ఊరుకున్నాను. కూలింది జీతాల దగ్గర. 2022-23లో కూడా పట్టికలో రెండో స్థానం వచ్చింది. ఆ తర్వాత కోచ్ మనోలో ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు, ఆకాశ్ ముంబయి జట్టుకు వెళ్లాడు. బకాయిలు చెల్లించనందుకు ఫిఫా కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పెట్టింది. విదేశీయులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు, చెన్నైయిన్ మీద 1-0తో. మొత్తం 8 పాయింట్లు. తొలి ఏడాది కంటే కిందికి.

తంగ్‌బోయ్ సింగ్టో కోచ్‌గా దాదాపు పిల్లలతోనే ఆ సీజన్ నెట్టుకొచ్చారు. వాళ్లను తప్పుపట్టే మనసు నాకు లేదు. ఇంటి అద్దె కట్టడానికి డబ్బులు రాని కుర్రాడికి ఎంత మంచి వ్యూహం చెప్పినా తలకెక్కదు. కొత్త కోచ్, కొత్త జెర్సీ, కొత్త స్ట్రైకర్ గురించి మాట్లాడే ముందు ఏ క్లబ్బయినా నెల మొదట్లో జీతాలు వేస్తోందా అన్నది చూడాలి, అభిమానులుగా మనం అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా అదే. యాజమాన్యం మారింది, చివరికి 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

పిల్లలకు ఇది కూడా చెప్పండి. ఈ ఊరి పోలీసు జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే పేరున్న టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు తెచ్చిన కోచ్. దగ్గరి కాలంలో చూస్తే, విశాఖలో మొదలై హైదరాబాద్‌కు వచ్చిన శ్రీనిధి డెక్కన్ 2022-23, 2023-24ల్లో ఐఎస్ఎల్ కింది స్థాయి లీగ్ అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. వాళ్ల మైదానం అజీజ్‌నగర్‌లో, మీకు గంట దూరం. అక్కడ మ్యాచ్ ఉన్న రోజు చూసుకుని ఒకసారి పిల్లల్ని తీసుకెళ్లండి. మైదానం అంచున నిలబడితే గోల్‌కీపర్ డిఫెండర్లను పిలిచే అరుపులు కూడా వినిపిస్తాయి.